తల్లికోడి లేని పిల్లలకు వెచ్చని గూడు
కోళ్ల రైతుకు గిట్టుబాటు ధర వెతికిన బి.వి. రావు జీవితం

గుడ్డు నుంచి వెలువడిన పిల్లకు మొదటి మూడు వారాలు గండం. ఆ గండం గడిచి, పిల్ల పెట్టయి, పెట్ట గుడ్డు పెట్టే నాటికి రైతుకు మరో గండం ఎదురవుతుంది. ఆ గుడ్డుకు ధర ఎవరు కట్టాలన్నదే అది. మొదటి గండానికి మందు వెచ్చదనం. రెండో గండానికి మందు ఐకమత్యం. ఈ రెండింటికీ ముడి ఉన్నదని గుర్తించి, రెండింటి మీదా పనిచేసిన తెలుగువాడు డాక్టర్ బండ వాసుదేవరావు. దేశంలో ఆధునిక కోళ్ల పరిశ్రమకు పితామహుడిగా ఆయనను పేర్కొంటారు. 1935లో జన్మించి 1996లో కన్నుమూసిన ఆయన జీవితాన్ని తెలుసుకోవాలంటే ముందుగా కోళ్ల ఫారంలోని చిన్న గదిలోకి తొంగిచూడాలి. ఆ గది పేరు బ్రూడర్.

తల్లికోడి తప్పుకున్న వేళ

పల్లెటూళ్లలో పెరటికోడికి బ్రూడర్‌తో పని లేదు. నాటుపెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులకు పిల్లలు లేస్తాయి. అక్కడి నుంచి రెక్కల కిందికి తీసుకోవడం, గింజ చూపించడం, గద్ద నుంచి కాపాడటం అంతా పిల్లల కోడి బాధ్యతే. ఇంటి ఇల్లాలు చేయవలసిందల్లా పొద్దుగూకే వేళకు గంప మూయడం మాత్రమే. అయితే ఈ ఏర్పాటులో ఒక పరిమితి ఉంది. పొదిగే కాలంలోనూ, పిల్లలను సాకే కాలంలోనూ పెట్ట గుడ్డు పెట్టదు. అందుకే నాటుకోడి ఏడాదికి పెట్టే గుడ్లు చాలా తక్కువ.

గుడ్ల సంఖ్య పెరగాలంటే పొదుగుడు గుణం లేని జాతులు కావాలి. వైట్ లెగ్‌హార్న్ వంటి విదేశీ జాతులలో తరతరాల ఎంపికతో ఆ గుణాన్ని దాదాపు లేకుండా చేశారు. ఆ జాతులనుంచి రూపొందించిన నేటి పెట్ట ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుంది. అయితే అది తన గుడ్డును పొదగదు, పిల్లను సాకదు. పొదిగే పని యంత్రానికీ, సాకే పని మనిషికీ వచ్చి పడ్డాయి. ఎక్కువ గుడ్లు కావాలని కోరుకున్న మానవుడే తల్లికోడి స్థానంలో కూర్చోవలసి వచ్చిందన్న మాట.

1950-51లో దేశం మొత్తం మీద ఏడాదికి ఉత్పత్తి అయిన గుడ్లు దాదాపు 183 కోట్లు. జనాభాతో భాగిస్తే మనిషికి ఏడాదికి అయిదు గుడ్లు. రెండో పంచవర్ష ప్రణాళిక కాలం నుంచి ప్రభుత్వం కోళ్ల క్షేత్రాలు నెలకొల్పి, మేలుజాతి పిల్లలను రైతులకు అందించే ప్రయత్నాలు చేసింది. 1960లలో విదేశీ సాంకేతిక సహకారంతో ప్రైవేటు హేచరీలు కూడా రంగంలోకి వచ్చాయి. 1970-71 నాటికి ఉత్పత్తి 617 కోట్లకు చేరింది. సరిగ్గా ఆ సంధికాలంలోనే వాసుదేవరావు ఈ రంగంలో ప్రముఖంగా నిలిచారు.

1971లో తొలి అడుగు

1971లో ఆయన వెంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించారు. మహారాష్ట్రలోని పుణె నగరం ఆ సంస్థకు కేంద్రమైంది. 1976లో వెస్టర్న్ హేచరీస్ పేరుతో మరో సంస్థ ఏర్పడింది. అదే తరువాతి కాలంలో వెంకీస్ ఇండియాగా పేరు మార్చుకుంది. మాంసపు కోళ్లకు కాబ్, గుడ్ల కోళ్లకు బాబ్‌కాక్ వంటి ప్రసిద్ధ అమెరికన్ సంస్థలతో ఆయన సంస్థలు సహకార ఒప్పందాలు కుదుర్చుకున్నాయి. పిల్లలను విదేశాల నుంచి తెచ్చి అమ్మడంతో సరిపెట్టుకోకుండా, మూలజాతుల పెంపకాన్ని ఈ దేశపు ఎండకూ, ఈ దేశపు దాణాకూ తట్టుకునేలా ఇక్కడే సాగించడం ఆయన పంథాగా నిలిచింది. మన కోళ్ల రైతులకు సుపరిచితమైన బి.వి. 300 గుడ్ల కోడి, వెన్‌కాబ్ మాంసపు కోడి ఆ కృషి ఫలితాలే.

హేచరీ వ్యాపారంలో ఒక చిత్రమైన ఇబ్బంది ఉంది. విత్తనం అమ్మిన వ్యాపారి పొలంలో ఏం జరిగినా వానమీదో, పురుగుమీదో నెట్టవచ్చు. పిల్లలను అమ్మిన హేచరీకి ఆ వెసులుబాటు లేదు. గుడ్డులోని పచ్చసొన శేషం పొట్టలో ఉంటుంది గనుక ఒకరోజు పిల్ల రెండు రోజుల పాటు మేత, నీరు లేకున్నా బతకగలదు. ఆ ఒక్క ప్రకృతి వరం మీదనే హేచరీ వ్యాపారమంతా ఆధారపడి ఉంది. చిల్లుల అట్టపెట్టెలో వందేసి పిల్లలు రైలులోనూ, లారీలోనూ వందల మైళ్లు ప్రయాణం చేయగలవు. అయితే పెట్టె విప్పిన క్షణం నుంచి వాటి ప్రాణం రైతు చేతిలో ఉంటుంది. రైతుకు బ్రూడర్ అమర్చడం తెలియకపోతే వారంలోగా పిల్లలు చనిపోతాయి. ఒకసారి నష్టపోయిన రైతు మళ్లీ పిల్లల కోసం రాడు. అందువల్ల పిల్లను అమ్మడం ఎంత ముఖ్యమో, దాన్ని సాకడం నేర్పడం అంతే ముఖ్యమైంది. పిల్లలతో పాటు దాణా, టీకాలు, మందులు, పరికరాలు, రోగ నిర్ధారణ, శిక్షణ వంటి సేవలన్నింటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చిన వాసుదేవరావు విధానానికి మూలం ఇక్కడే కనిపిస్తుంది.

గొడుగు కింద పదివేల ప్రాణాలు

బ్రూడర్ అమరిక చూడటానికి సులువు, చేయడానికి కష్టం. పిల్లలు రాకముందే షెడ్డును కడిగి, సున్నం వేసి, క్రిమిసంహారక మందు చల్లి, కొన్ని రోజులు ఖాళీగా ఉంచాలి. నేలమీద రెండు మూడు అంగుళాల మందాన పొడి వరిఊకనో, రంపపు పొట్టునో, వేరుశనగ పొట్టునో పరచాలి. పిల్లలు మేతను పోల్చుకోలేక ఊకను తినే ప్రమాదం ఉన్నందున మొదటి రెండు మూడు రోజులు దానిపై పాత వార్తాపత్రికలు పరుస్తారు. ఆ కాగితాల మీద మొక్కజొన్న రవ్వ చల్లితే పిల్లలు ముక్కుతో పొడిచి తినడం నేర్చుకుంటాయి. కాగితం నున్నగా ఉంటే కాళ్లు జారి వంకర పోతాయి గనుక గరుకు కాగితం వాడాలి, తడిసిన దాన్ని వెంటనే మార్చాలి.

మధ్యలో రేకుతో చేసిన గొడుగు వేలాడదీస్తారు. దాని కింద బల్బులు ఉంటాయి. గొడుగు అంచుకు రెండు మూడు అడుగుల దూరంలో రేకుతోగానీ, అట్టతోగానీ, వెదురు తడికెతోగానీ అడుగున్నర ఎత్తున గుండ్రని కంచె కడతారు. ఈ కంచె తప్పనిసరిగా గుండ్రంగానే ఉండాలి. చలి వేసినా, అదిరిపడినా పిల్లలు మూలకు చేరి ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. అడుగున ఉన్నవి ఊపిరాడక చనిపోతాయి. గుండ్రని కంచెకు మూల ఉండదు గనుక ఆ ప్రమాదం తప్పుతుంది.

ఒక గొడుగు కింద సుమారు 250 పిల్లలను ఉంచుతారు. పదివేల పిల్లలను తెచ్చిన రైతు ఇటువంటి 40 గొడుగులు అమర్చాలి. పిల్లకు ఒకటి రెండు వాట్ల చొప్పున లెక్కగట్టినా పది నుంచి ఇరవై కిలోవాట్ల విద్యుత్తు రాత్రింబవళ్లు కావాలి. పిల్లలు రావడానికి ఒకరోజు ముందే దీపాలు వేసి ఊకను వెచ్చబరచాలి. పైన గాలి వెచ్చగా ఉండి కింద ఊక చల్లగా ఉంటే పిల్లకు కాళ్ల నుంచి చలి ఎక్కుతుంది.

మొదటి వారంలో పిల్ల వీపు ఎత్తున 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి. తరువాత వారానికి అయిదు డిగ్రీల చొప్పున తగ్గించాలి. పెద్దకోడి తన ఒంటి వేడిని తానే నిలుపుకోగలదు. ఒంటిమీద నూగు తప్ప ఈకలు లేని పిల్లకు ఆ శక్తి మూడు నాలుగు వారాలకు గాని రాదు. అప్పటిదాకా అది పీల్చే ప్రతి శ్వాసకూ రైతే పూచీదారు.

అనుభవజ్ఞుడైన రైతు ఉష్ణమాపకం కంటే పిల్లలనే ఎక్కువగా నమ్ముతాడు. అవి గొడుగు కింద కుప్పపడి కీచుమంటుంటే చలి వేస్తున్నదని అర్థం. గొడుగుకు దూరంగా కంచె వారగా చేరి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు. అన్నీ ఒకే పక్కకు జరిగితే ఎక్కడి నుంచో ఈదురుగాలి వస్తున్నట్టు. కంచె అంతటా సమానంగా పరుచుకుని కొన్ని తింటూ, కొన్ని తాగుతూ, కొన్ని కునుకుతూ ఉంటే బ్రూడర్ సరిగా ఉన్నట్టు. దీన్ని చదవడం నేర్చుకున్న వాడికి ఏ పట్టికతోనూ అవసరం లేదు.

కరెంటు పోయిన రాత్రి

కోళ్ల పరిశ్రమ మన దేశంలో విస్తరించిన 1970, 1980 దశకాలు గ్రామాల్లో విద్యుత్ కోతల కాలం కూడా. పొలంలో పంపుసెట్టు రెండు గంటలు ఆగితే పైరు చావదు. బ్రూడర్‌లో దీపం శీతకాలపు రాత్రి రెండు గంటలు ఆరితే ఉదయానికి వందల పిల్లలు గంపలకెత్తవలసి వస్తుంది. అందుకే ప్రతి ఫారంలోనూ బొగ్గుల కుంపట్లు సిద్ధంగా ఉండేవి. కుంపటికీ ప్రమాదం లేకపోలేదు. చలికి భయపడి గోనె పరదాలన్నీ బిగించి లోపల బొగ్గు రాజేస్తే విషవాయువు నిండి పిల్లలు నిద్రలోనే ప్రాణం విడుస్తాయి. పరదా కింది భాగం మూసి, పైన జానెడు ఖాళీ వదలాలన్నది ఎందరో రైతులు నష్టపోయి నేర్చుకున్న పాఠం. పరదా పూర్తిగా మూస్తే ఊక తడిసి అమ్మోనియా ఘాటు పెరుగుతుంది, కళ్లు పుసులుకడతాయి, రక్తవిరేచనాల జబ్బు వ్యాపిస్తుంది.

చనిపోయిన పిల్లలు కళ్లకు కనబడతాయి. అసలు నష్టం కనబడనిది. మొదటి వారం చలికి కుంగి, మేత అందక బతికి బయటపడ్డ పిల్ల ఎదుగుదలలో వెనుకబడుతుంది. గుడ్ల కోడి ఇరవయ్యో వారం ప్రాంతంలో గుడ్డు మొదలుపెట్టి డెబ్బై రెండో వారం దాకా పెడుతుంది. బ్రూడర్‌లో వెనుకబడిన పిల్ల ఆలస్యంగా గుడ్డుకు వస్తుంది, తక్కువ పెడుతుంది, తినే మేత మాత్రం తగ్గించదు. కోళ్ల పెంపకం ఖర్చులో అత్యధిక భాగం దాణాదే గనుక మొదటి వారంలో జరిగిన పొరపాటుకు రైతు ఏడాదిన్నర పాటు మూల్యం చెల్లిస్తూనే ఉంటాడు.

రోగాల సంగతి మరొకటి. మన పల్లెల్లో కొక్కెర తెగులుగా పిలిచే రాణిఖేత్ వ్యాధి పేరే హిమాలయ ప్రాంతపు ఒక ఊరి పేరు. 1920 దశకం చివర అక్కడ గుర్తించినందున ఆ పేరు వచ్చింది. 1940లలో ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలో దానికి టీకా సిద్ధమైంది. మారెక్స్ వ్యాధికి 1970 ప్రాంతంలో విదేశాల్లో టీకా రూపొందింది. మారెక్స్ టీకా హేచరీలోనే మొదటి రోజు మెడ చర్మం కింద వేయాలి. రాణిఖేత్ టీకా మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్కగా వేయాలి. అంటే టీకాల కార్యక్రమం కూడా బ్రూడర్ గదిలోనే మొదలవుతుంది. చల్లదనం చెడకుండా టీకా పల్లెకు చేరకపోతే వేసినా వేయనట్టే. వాసుదేవరావు నెలకొల్పిన సంస్థల్లో కోళ్ల టీకాల తయారీకి వెంట్రీ బయోలాజికల్స్, రోగ నిర్ధారణకు ప్రత్యేక పరిశోధన కేంద్రం చేరడం ఈ అవసరం నుంచి వచ్చినవే.

బతికిన కోడి, చచ్చిన ధర

1980-81 నాటికి దేశంలో గుడ్ల ఉత్పత్తి వెయ్యి కోట్లు దాటింది. మేలుజాతి పిల్ల, టీకా, దాణా అన్నీ రైతుకు అందుబాటులోకి వచ్చాయి. బ్రూడర్‌లో పిల్లలు బతుకుతున్నాయి. ఇక కష్టాలు గట్టెక్కినట్టేనని అనుకుంటున్న తరుణంలో రైతు మరో దిక్కున చితికిపోసాగాడు.

గుడ్డు ధర పెట్టేది పండించిన రైతు కాదు, మహానగరాల్లోని టోకు వర్తకుడు. గుడ్డు నిల్వ ఉండే సరుకు కాదు, ముఖ్యంగా ఎండాకాలంలో. కోడికి సెలవు లేదు. ధర పడిందని ఈ వారం గుడ్డు పెట్టడం మానదు. రైతు బేరం చేసేలోగా ఫారంలో గుడ్ల అట్టలు పేరుకుపోతాయి. ఈ సంగతి వర్తకుడికి బాగా తెలుసు. సరుకు బండి నగరం చేరాక ధర తగ్గించినా వెనక్కి తీసుకుపోయే వీలు రైతుకు ఉండదు. ఒక రాష్ట్రపు రైతుకు మరో రాష్ట్రపు రైతును పోటీగా చూపి ఇద్దరికీ ధర తగ్గించడం మామూలైపోయింది. ఉత్పత్తి ఖర్చు కూడా రాక 1980 దశకం తొలినాళ్లలో ఎందరో రైతులు ఫారాలు మూసివేశారు. బ్రూడర్‌లో నిద్రమాని కాపాడిన ప్రాణానికి బజారులో విలువ లేకుండా పోయింది.

హేచరీ అధిపతిగా వాసుదేవరావుకు ఈ సంక్షోభం తన గుమ్మంలోనిదే. రైతు ఫారం మూస్తే హేచరీ యంత్రం ఆగుతుంది. అయితే పిల్ల ధర తగ్గించి అప్పటికి గండం గడుపుకునే మార్గాన్ని ఆయన ఎంచుకోలేదు. సహచర రైతు నాయకులతో కలిసి రాష్ట్రాలు తిరిగారు. ఊరూరా సభలు పెట్టారు. కోడి తనది, గుడ్డు తనది అయినప్పుడు ధర కూడా తనదే కావాలన్న వాదనను రైతుల ముందుంచారు. ఆ ప్రయాణాల ఫలితంగా 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడింది. ఆంగ్ల సంక్షిప్త నామం ఎన్ఈసీసీగా దేశమంతటికీ పరిచయమైన సంస్థ ఇదే. దానికి ఆయన వ్యవస్థాపక అధ్యక్షులుగా వ్యవహరించారు.

సంఘం చేసిన పని చెప్పడానికి చిన్నదే. దేశాన్ని మండలాలుగా విభజించి, ఏ మండలంలో ఎంత ఉత్పత్తి ఉందో, ఎక్కడ గిరాకీ ఉందో తెలుసుకుని, ప్రతిరోజూ గుడ్డు ధరను రైతుల పక్షాన ప్రకటించడం. హైదరాబాద్, విజయవాడ, వరంగల్, చిత్తూరు, ఉభయ గోదావరులు, నామక్కల్, పుణె వంటి కేంద్రాల పేర్లతో పత్రికల వాణిజ్య పుటల్లో కనిపించే గుడ్ల ధరల పట్టిక అలా పుట్టినదే. అంతకుముందు ధర వర్తకుడి జేబులోని రహస్యం. అప్పటి నుంచి అది పదిమందీ చదివే వార్త అయింది. ధర పడిపోయిన రోజుల్లో గుడ్లు కొని శీతల గిడ్డంగుల్లో నిల్వచేసి, బజారు తేరుకున్నాక విడుదల చేసే ఏర్పాటు కూడా జరిగింది. గుడ్డును ప్రతిరోజూ తినవచ్చని ప్రచారం చేస్తూ దూరదర్శన్‌లో వచ్చిన హిందీ ప్రకటన గీతం ఒక తరం పిల్లలకు కంఠతా వచ్చింది. గిరాకీ పెంచకుండా ధర నిలపడం సాధ్యం కాదన్న గ్రహింపు ఆ ప్రచారం వెనుక ఉంది.

ఈ ఉద్యమంలో తెలుగు ప్రాంతపు రైతుల పాత్ర గణనీయమైనది. తణుకు, అనపర్తి పరిసరాల్లోనూ, విజయవాడ చుట్టుపక్కలా, చిత్తూరు జిల్లాలోనూ, హైదరాబాద్ శివార్లలోనూ విస్తరించిన ఫారాల నుంచి గుడ్ల లారీలు కలకత్తా దాకా పోయేవి. దూరపు మార్కెట్టు మీద ఎక్కువగా ఆధారపడిన రైతుకే ధర ప్రకటన ఎక్కువ అవసరం. ఇక్కడి రైతు సంఘంలో చేరడానికి ఉత్సాహం చూపడంలో ఆశ్చర్యం లేదు.

రెండు పడవల ప్రయాణమా?

వాసుదేవరావు స్థానం మీద ఒక ప్రశ్న తలెత్తడం సహజం. పిల్లలను, దాణాను, టీకాను అమ్మే వ్యాపారి, వాటిని కొనే రైతుల సంఘానికి నాయకుడెలా అవుతాడు? గుడ్డు ధర పెరిగితే పిల్ల ధర పెంచుకునే అవకాశం ఆయన సంస్థలకే దక్కుతుంది గదా? ఈ ప్రశ్నను తోసిపుచ్చవలసిన అవసరం లేదు. కొనేవాడి, అమ్మేవాడి ప్రయోజనాలు అన్నివేళలా ఒకటి కావు. అయితే 1982 నాటి పరిస్థితిలో అవి ఒకటయ్యాయి. రైతు నిలబడకుండా హేచరీ నిలబడదు. ఆ సత్యాన్ని గ్రహించడం వ్యాపార దక్షత అయితే, గ్రహించిన తరువాత చిన్న రైతును కలుపుకుని పోవడం నాయకత్వ లక్షణం. ఆయనలో రెండూ ఉన్నాయని అంగీకరించడమే న్యాయం.

1990లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. ఆ ఏడాది దేశపు గుడ్ల ఉత్పత్తి 2,100 కోట్లు దాటింది. అంటే సంఘం పుట్టిన దశకంలో ఉత్పత్తి రెట్టింపు అయింది. కోళ్ల పెంపకంలో శిక్షణ పొందిన యువకులు అవసరమని భావించి శిక్షణ సంస్థ ఏర్పాటుకు ఆయన కృషి చేశారు. పుణె సమీపంలోని ఆ సంస్థ తరువాతి కాలంలో ఆయన పేరునే ధరించింది. 1996 సెప్టెంబరులో 20వ ప్రపంచ పౌల్ట్రీ మహాసభ న్యూఢిల్లీలో జరిగింది. ఒకనాడు పెరటికే పరిమితమైన భారతీయ కోడికి అది అంతర్జాతీయ గుర్తింపు. ఆ దృశ్యాన్ని చూడటానికి వాసుదేవరావు లేరు. అదే ఏడాది ఆయన తుదిశ్వాస విడిచారు. కుమార్తె అనురాధా దేశాయ్ సంస్థల సారథ్యం స్వీకరించారు. ఆ కుటుంబ సంస్థ 2010లో ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ రోవర్స్ ఫుట్‌బాల్ క్లబ్బును కొనుగోలు చేయడంతో కోళ్ల వ్యాపారం పేరు విదేశీ క్రీడా పుటలకు కూడా ఎక్కింది.

మిగిలిన లెక్క

ఆయన మరణానంతరం పరిశ్రమ ఆగలేదు. 2023-24లో దేశంలో ఉత్పత్తి అయిన గుడ్లు 14,277 కోట్లు. మనిషికి ఏడాదికి 103. అయిదు గుడ్ల నుంచి నూటమూడుకు ఎదిగిన ఈ ప్రయాణంలో అందరి వాటా ఉంది. రాష్ట్రాల వారీగా చూస్తే ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానంలో ఉంది, తెలంగాణ కూడా తొలి వరుసలోనే నిలిచింది.

ఎదురుదెబ్బలూ తక్కువేమీ కావు. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు వ్యాధి సోకని రాష్ట్రాల్లో కూడా జనం కోడిమాంసం, గుడ్డు ముట్టడానికి జంకారు. ధర ప్రకటించడానికి సంఘం ఉన్నా, కొనేవాడే లేనప్పుడు ప్రకటనకు బలం ఉండదని ఆ అనుభవం తేటతెల్లం చేసింది. సంఘం ప్రకటించేది సూచన ధర మాత్రమే. దానికన్నా తక్కువకు అమ్మవలసిన పరిస్థితి రైతుకు నేటికీ ఎదురవుతూనే ఉంది.

మాంసపు కోళ్ల రంగంలో మార్పు మరింత లోతైనది. 1990ల నుంచి తమిళనాడులోని కోయంబత్తూరు ప్రాంతంలో బలపడి దక్షిణాది అంతటా పాకిన ఒప్పంద పెంపకంలో పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. ఎదిగిన కోడిని ఎత్తుకుపోయేదీ కంపెనీయే. రైతుకు దక్కేది కిలోకు ఇంత అని ఇచ్చే పెంపకపు కూలి. ధర పడినా రైతుకు నేరుగా దెబ్బ తగలకపోవడం ఇందులోని మేలు. ధర పెరిగినా లాభం రాకపోవడం ఇందులోని నష్టం. చాలా చోట్ల షెడ్డు, ఊక, బొగ్గు లేదా గ్యాసు, కరెంటు బిల్లు, కూలీల ఖర్చు మాత్రం రైతువే. మరణాల శాతం పెరిగితే కూలి తగ్గుతుంది.

ఇంకోవిధంగా చెప్పాలంటే కోళ్ల వ్యాపారంలోని హక్కులన్నీ ఒక్కొక్కటిగా వేరొకరి చేతికి పోగా, రైతు చేతిలో చివరికి మిగిలింది బ్రూడర్ ఒక్కటే. పిల్లను చలి నుంచి కాపాడే బాధ్యత ఆయనదే. ఆ పిల్ల ఎవరిదన్న ప్రశ్నకు జవాబు మాత్రం మారిపోయింది. తన కోడికి తానే ధర కట్టాలని 1982లో సభలకు కదిలివచ్చిన రైతు ఆశయానికీ ఈ ఏర్పాటుకూ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు.

ఇప్పటి బ్రూడర్‌లో గ్యాసు హీటర్లు వచ్చాయి. పెద్ద ఫారాల్లో గాలి, వేడి, తేమ యంత్రాల అదుపులో ఉంటున్నాయి. అయినా సూత్రం మారలేదు. వెచ్చదనం అన్ని వైపులా సమానంగా అందాలి, కంచెకు మూల ఉండకూడదు, ఏ ఒక్క ప్రాణీ తోటివాటి కింద నలిగిపోకూడదు. బండ వాసుదేవరావు తన జీవితకాలంలో ఈ సూత్రాన్ని పిల్లల నుంచి పెంపకందారుల దాకా విస్తరింపజేయడానికి ప్రయత్నించారు. పిల్లల విషయంలో ఆ పని చాలావరకు పూర్తయింది. పెంపకందారుల విషయంలో పూర్తి కావలసి ఉంది. ఆయనను స్మరించుకునే పరిశ్రమ ముందున్న బాకీ అదే.